నల్లబల్ల మీద నాలుగు తేదీలు: విశాఖలో ఒక చిన్న బీరు బారు, దాని కింద సీసాల దుకాణం

ఈ బారులో అడుగుపెట్టగానే కనిపించేది నల్లబల్ల. దాని మీద సుద్దముక్కతో నాలుగు బీర్ల పేర్లు, ప్రతి పేరు పక్కన ఒక తేదీ రాసి ఉంటాయి. అది ఆ బీరు ఉన్న ట్యాంకు తెరిచిన తేదీ. ధరలు మాత్రం అక్కడ ఉండవు, మెనూ కార్డులో వెతుక్కోవాలి. ధరను వెనక్కి నెట్టి తేదీని ముందుకు తెచ్చిన బారును విశాఖపట్నంలో నేను ఇంతకు ముందు చూడలేదు. రెండు నెలల వ్యవధిలో మూడుసార్లు వెళ్ళి, నాలుగు బీర్లనూ ఒకటికి రెండుసార్లు రుచి చూసి, కింద ఉన్న దుకాణంలో కొన్న సీసాలను ఇంట్లో తెరిచి పోల్చుకున్న తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. బిల్లులన్నీ నేనే కట్టాను. లోపాలు కూడా రాయబోతున్నాను కనుక పేరు చెప్పడం లేదు. సిరిపురం నుంచి వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు వెళ్ళే వీధుల్లో ఒకదానిలో ఉందన్నది తప్ప ఇతర ఆనవాళ్ళు కూడా ఇవ్వను.

మేడ మీద బారు, కింద దుకాణం. బారులో ఎనిమిది బల్లలు, గోడ వారగా నాలుగు ఎత్తు స్టూళ్ళు, అద్దపు గోడ వెనుక స్టీలు ట్యాంకులు. ట్యాంకులున్న గది మనుషులు కూర్చునే గది కంటే పెద్దది. బారు అనగానే ఈ ఊళ్ళో మనకు అలవాటైన చీకటి, ఏసీ చల్లదనంలో ఇంకిపోయిన సిగరెట్టు వాసన ఇక్కడ లేవు. కిటికీలు తీసి ఉంటాయి, సాయంకాలం ఆరు దాటాక సముద్రపు గాలి మెట్ల మీదుగా పైకి వస్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు పక్క బల్ల దగ్గర ఇద్దరు ఉద్యోగినులు ఆఫీసు బ్యాగులు కుర్చీకి తగిలించి తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు, వారి వైపు ఎవరూ తల తిప్పి చూడలేదు. ఈ ఊరి బారుల సంగతి తెలిసినవారికి ఇది చిన్న విషయంగా తోచదు.

కింద కొన్న సీసాను పైన తెరవనివ్వరు, పైన కాచిన బీరును సీసాలో నింపి ఇంటికి ఇవ్వరు. రెండూ అన్నదమ్ములవే అయినా లైసెన్సులు వేరు, లెక్కలు వేరు అని మెట్ల దగ్గరే చెప్పారు. దుకాణం వయసు కూడా తక్కువే. 2019 అక్టోబరు నుంచి రాష్ట్రంలో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. లాటరీలో ప్రైవేటు వారికి దక్కిన దుకాణాలు 2024 అక్టోబరు 16న తెరుచుకున్నాయి. నడుమ ఉన్న ఆ అయిదేళ్ళలో బీరు తాగేవారికి ఎంచుకోవడం అనే అలవాటే పోయిందని నా అభిప్రాయం. కౌంటరులో ఏది ఉంటే అది పుచ్చుకుని రావడమే మిగిలింది. కింది దుకాణంలో అరల ముందు నిలబడ్డ పది నిమిషాల్లో, ‘ఏది చల్లగా ఉంటే అది ఇవ్వండి’ అన్న మాట నాలుగుసార్లు విన్నాను.

బీరు కాచే ఆయన మధ్యవయస్కుడు, బెంగళూరులో కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవారు. అడిగితే ఓపికగా చెబుతారు, అడగకపోతే అద్దం వెనుక నుంచి బయటికి రారు. కాచడం అన్న మాటకు మన జిల్లాల్లో సారా బట్టీ వాసన అంటుకుని ఉంది కానీ, బీరు విషయంలో ఆ మాట అక్షరాలా సరిపోతుంది. బార్లీని నానబెట్టి, మొలక కట్టించి, వేడిగాలికి ఆరబెడితే మాల్టు అవుతుంది. చోళ్ళను, అంటే రాగులను, మొలక కట్టి, ఎండబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించి పిల్లలకు జావ కాచే ఇళ్ళలో పెరిగినవారికి ఇది కొత్త విద్యేమీ కాదు. మనం రాగిమాల్టు అనే మాటలోని మాల్టు ఇదే. మొలకెత్తిన గింజలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆ మాల్టును బరకగా పట్టించి, సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీళ్ళలో గంటసేపు నాననిస్తే తియ్యటి రసం దిగుతుంది. దానిని చేదు, సువాసన ఇచ్చే హాప్స్ పువ్వులతో గంట, గంటన్నర మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెడతారు. హాప్స్ చల్లని ప్రాంతాల తీగ. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ వంటి చోట్ల పండుతుంది తప్ప ఈ తీరపు ఉక్కపోతకు తట్టుకోదు. బార్లీ కూడా ఉత్తరాది పంటే. అందువల్ల ఈ గ్లాసులో విశాఖపట్నానిది అనదగినది చాలావరకు నీరు ఒక్కటే, ఆ నీటిని కూడా ఆర్.ఓ. యంత్రంలో పట్టి, లవణాలు తీసేసి, బీరు రకాన్ని బట్టి కావలసినంత జిప్సమో కాల్షియం క్లోరైడో తిరిగి కలుపుతున్నారు.

మొదటిసారి నాతో మా బావమరిది ఉన్నాడు. రాజమండ్రి మనిషి, సీసా మీద ‘స్ట్రాంగ్’ అని లేకపోతే దానిని బీరుగా లెక్కపెట్టడు. నాలుగు బీర్లనూ నూరేసి మిల్లీలీటర్ల చిన్న గ్లాసుల్లో ఒక చెక్కపలక మీద పెట్టి ఇస్తారు, పలక ధర 450 రూపాయలు. నాలుగూ రుచి చూసి నచ్చినదాన్ని పూర్తి గ్లాసు చెప్పుకోవచ్చు. మొదటిసారి వెళ్ళేవారు తప్పకుండా ఈ పలకతోనే మొదలుపెట్టాలి. గోధుమ బీరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే మా వాడు, ‘‘బావా, ఇందులో అరటిపండు ఎసెన్సు పోశారా ఏమిటి?’’ అన్నాడు. గ్లాసులు తెచ్చిన అనకాపల్లి కుర్రవాడు నవ్వాపుకుని, ‘‘లేదండీ, అందరూ అదే అడుగుతారు, అది ఈస్టు వాసనండీ’’ అన్నాడు.

ఆ కుర్రవాడు చెప్పింది నిజం. జర్మనీ బవేరియా ప్రాంతపు హెఫెవైజెన్ రకం ఇది. అక్కడి నియమం ప్రకారం మాల్టులో కనీసం సగం గోధుమ మాల్టు ఉండాలి. ఈ రకానికి వాడే ఈస్టు పులిసేటప్పుడు రెండు పదార్థాలను వదులుతుంది: ఒకటి పండిన అరటిపండు వాసన ఇచ్చే ఐసోఅమైల్ అసిటేటు, రెండోది లవంగం ఘాటు ఇచ్చే ఒక ఫినాల్. పులిసే వేడి పెరిగితే అరటి పైచేయి అవుతుంది, తగ్గితే లవంగం తేలుతుంది. ఇక్కడి బీరులో అరటి ముందు వచ్చి, గుటక దిగిన తరువాత లవంగం నాలుక వెనుక నిలుస్తుంది. వడకట్టరు కనుక గ్లాసు చూడడానికి పలచని గంజిలా మసకగా ఉంటుంది, నురుగు రెండు వేళ్ళ మందాన లేచి చివరి గుక్క దాకా నిలబడుతుంది. 4.8 శాతం ఆల్కహాలు, 330 మిల్లీలీటర్లు 325 రూపాయలు. విశాఖ ఎండలకు, సముద్రం ఒడ్డు చెమటకు ఇంతకన్నా అతికిన బీరు నాకు తెలియదు. మూడు సందర్శనల్లో మూడుసార్లూ ఒకే తీరుగా ఉన్నది కూడా ఇదొక్కటే.

చల్లదనం గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ బారు మీద నేను విన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దాని గురించే. వెనుక బల్ల దగ్గర ఒక పెద్దాయన, ‘‘ఇంత డబ్బు పుచ్చుకుని చిల్డ్ బీరు కూడా ఇవ్వలేరా?’’ అని గట్టిగానే అడిగారు. మనకు బీరు అంటే మంచుగడ్డకు తోబుట్టువు. సీసా మీద చెమట పట్టాలి, పళ్ళు జివ్వుమనాలి. అయితే రెండు మూడు డిగ్రీల దగ్గర నాలుక సగం మొద్దుబారుతుంది, వాసనలు పైకి లేవవు. దాచవలసినవి ఉన్న బీరుకు ఆ చలి మేలు చేస్తుంది, చూపించవలసినవి ఉన్న బీరుకు అన్యాయం చేస్తుంది. ఇక్కడ గోధుమ బీరును ఏడు డిగ్రీల ప్రాంతంలో, నల్ల బీరును పది, పన్నెండు మధ్య ఇస్తున్నారు, ట్యాపుల మీద సూచికలు ఉన్నాయి కనుక చూసుకోవచ్చు. మా బావమరిది మొదటి గ్లాసుకు మొహం చిట్లించాడు. రెండో గ్లాసు అడిగి తెప్పించుకున్నాడు. మూడోదానికి నేను అడ్డుపడ్డాను.

గ్లాసుల శుభ్రత విషయంలో వీరికి నూటికి నూరు మార్కులు వేస్తాను. గ్లాసుకు సబ్బు జిడ్డో, నూనె తడో మిగిలి ఉంటే రెండు గుర్తులు కనిపిస్తాయి: నురుగు నిమిషంలో కూలిపోతుంది, గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని ఉండిపోతాయి. శుభ్రమైన గ్లాసులో అయితే తాగిన ప్రతి గుక్కకూ ఒక నురుగు వలయం గోడ మీద నిలుస్తుంది, ఎన్ని గుక్కల్లో తాగారో లెక్కపెట్టుకోవచ్చు. నా గ్లాసులో ఏడు వలయాలు లెక్కపెట్టాను. బీరు గొట్టాలను రెండు వారాలకొకసారి శుభ్రపరిచే ద్రావణంతో కడుగుతామని చెప్పారు. పుల్లటి మురుగు వాసన మూడుసార్లలో ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆ మాట నమ్ముతున్నాను.

ఇక ఇండియా పేల్ ఏల్. మెనూలో అన్నిటికంటే గొప్పగా రాసుకున్నది, నన్ను అన్నిటికంటే నిరుత్సాహపరచింది ఇదే. నల్లబల్ల మీద దీని పక్కన ఉన్న తేదీ మొదటిసారి వెళ్ళేనాటికి ఏడు వారాల పాతది. ఈ రకం బీరుకు ప్రాణం హాప్స్ సువాసన, ఆ సువాసన తొందరగా ఆవిరైపోయే గుణం కలది, చేదు మాత్రం అలాగే మిగులుతుంది. ఏడు వారాల తరువాత నాకు దొరికింది ఆ మిగిలిన చేదే, కాకరకాయ కూరలో కాకర తీసేసి చేదు ఒక్కటే వడ్డించినట్టుగా. మూడోసారి వెళ్ళినప్పుడు కొత్త ట్యాంకు తెరిచి తొమ్మిది రోజులైంది, అదే పేరు, అదే 6 శాతం ఆల్కహాలు, కానీ గ్లాసులో పనసతొనా, నిమ్మతొక్కా, తడిసిన పచ్చగడ్డీ కలిసిన వాసన గుప్పుమంది. ఒకే బీరుకు ఇంత తేడా వస్తున్నప్పుడు ట్యాంకు పరిమాణం తగ్గించుకోవాలి, లేదా పాతబడినదాన్ని తక్కువ ధరకు ఇవ్వాలి. తేదీ రాసి తమ లోపాన్ని తామే బయటపెట్టుకుంటున్న నిజాయితీ వీరిది, దానికి దండం పెడతాను. డబ్బు మాత్రం రెండుసార్లూ ఒకటే తీసుకున్నారు.

ఈ బీరు గురించి గోడ మీద ఒక పటం తగిలించారు. ఇంగ్లండు నుంచి ఇండియాకు ఓడలో వచ్చే ఆరు నెలల ప్రయాణంలో బీరు పాడవకుండా ఉండడానికి ఒకాయన కొత్తగా కనిపెట్టిన రకం ఇది అని దాని సారాంశం. ఎక్కడికి వెళ్ళినా ఈ కథే వినిపిస్తుంది. నిజానికి లండన్ తూర్పున బో అనే చోట ఉన్న హాడ్జ్‌సన్ల బ్రూవరీకి ఈస్టిండియా కంపెనీ ఓడలు లంగరు వేసే బ్లాక్‌వాల్ రేవు దగ్గర. ఆ ఓడల కెప్టెన్లు సొంతంగా సరుకు కొని మద్రాసు, కలకత్తాలలో అమ్ముకునేవారు, హాడ్జ్‌సన్లు వారికి పద్దెనిమిది నెలల వరకు అరువు ఇచ్చేవారు. వారు ఎక్కించుకున్న బీరు అప్పటికే ఇంగ్లండులో ఉన్నది, అక్టోబరులో కాచి ఏళ్ళ తరబడి నిల్వ చేసుకునే హాప్స్ ఎక్కువైన లేత రంగు బీరు. నల్లని పోర్టర్ బీరు కూడా అదే ఓడల్లో నిక్షేపంగా వచ్చేది. ‘ఈస్ట్ ఇండియా పేల్ ఏల్’ అనే పేరు 1829లో సిడ్నీ పత్రికలో ఒక ప్రకటనలో కనిపిస్తుంది. తరువాత ఇంగ్లండులోనే బర్టన్ అనే ఊరి బ్రూవరీలు తమ జిప్సం నీటి బలంతో ఈ వ్యాపారాన్ని లాక్కున్నాయి. అంటే మన దేశం పేరు పెట్టుకున్న ఈ బీరు వెనుక ఉన్నది అరువు బేరం, దగ్గర రేవు. విశాఖపట్నం లోపలి హార్బరు 1933లో గాని తెరుచుకోలేదు కనుక, ఆ పీపాలలో ఒకటైనా మన ఊరి హార్బరులో దిగినట్టు ఊహించుకునే సంబరం కూడా మనకు లేదు. పటం తీసేయమని అడగను, బాగానే గీయించారు. చదివి నమ్మవద్దని మాత్రం అంటాను.

మూడోది చోడి బీరు. మాల్టులో మూడో వంతు పాడేరు వైపు నుంచి తెప్పించిన మొలక చోళ్ళు. ఆలోచన ఎంతో సముచితమైనది, ఎందుకంటే చిరుధాన్యాలలో మొలక కట్టించి మాల్టు చేయడానికి చోడి బాగా ఒదుగుతుంది. ఆఫ్రికాలో ఉగాండా వంటి దేశాలలో దీనితో బీరు చేసుకోవడం పాత ఆచారం. మనకు పైనున్న కొరాపుట్ కొండల్లో ఆదివాసులు చోడితోను, బియ్యంతోను లంద అనే మత్తు పానీయం పులియబెట్టుకుంటారు. మన్యంలో జీలుగు కల్లు రుచి తెలిసినవారికి కొండల పులుపు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇన్ని చెప్పుకున్నాక గ్లాసు సంగతి చెప్పాలంటే కొంచెం ఇబ్బందిగా ఉంది. వాసన మంచిదే, వేడి అంబలి మూత తీసినప్పటి మట్టి వాసన. నోట్లో మాత్రం నీరుకారినట్టుంది, చివర పులుపు ఎక్కడి నుంచో వచ్చి పడినట్టు తగులుతుంది. రెండోసారి కొంత మెరుగుపడింది. చోడికి బార్లీకి ఉన్నట్టు పొట్టు ఉండదని, రసం వడకట్టేటప్పుడు ముద్దకట్టి గంటలు పడుతుందని కాచే ఆయన చెప్పుకున్నారు. ఆ కష్టం నిజమే అయినా తాగేవాడి నాలుకకు అది పట్టదు.

నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళేది నాలుగో దాని కోసం: అరకు కాఫీతో చేసిన నల్ల బీరు, స్టౌట్. మాల్టు చేయని బార్లీని కాఫీ గింజల రంగు వచ్చేదాకా వేయించి కలపడం ఈ రకానికి మూలం, కాబట్టి కాఫీ జత చేయకముందే అందులో కాఫీ ఛాయ ఉంటుంది. చాలాచోట్ల ఈ రెంటినీ కలిపి చేదు మీద చేదు పోసి చెడగొడతారు. ఇక్కడ కాఫీ పొడిని చన్నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, ఆ డికాక్షనును బీరు పులిసిన తరువాత చివరిలో కలుపుతున్నారు. వేడి తగలదు కనుక కాఫీలోని ఘాటు దిగకుండా పండు వాసన ఒక్కటే దిగుతుంది. సిల్వరోకు చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన పెరిగిన అరకు అరబికాకు ఆ పండు వాసన సహజం. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మొదటి గుక్కలో మాడిన బెల్లంపాకం, తరువాత ఎండిన నేరేడు, అడుగున పొగచూరిన చేదు. నురుగు రంగు మన ఫిల్టరు కాఫీ మీది నురుగు రంగే. 5.5 శాతం ఆల్కహాలు, గ్లాసు 375 రూపాయలు. నల్లగా ఉంది కనుక ఘాటైనది అనుకుని వదిలేసేవారు ఎక్కువని కుర్రవాడు చెప్పాడు. రంగుకు మత్తుకు సంబంధం లేదు, మన వైన్ షాపుల్లో దొరికే పసుపచ్చని స్ట్రాంగ్ బీర్లు చాలా వరకు దీనికంటే బలమైనవే.

తిండి సంగతి ముక్తసరిగా చెబుతాను. పలాస జీడిపప్పు నేతిలో వేయించి మిరియాలపొడి, ఉప్పు చల్లి ఇచ్చినది అద్భుతం, స్టౌటుకు దానికి జోడు కుదిరింది. కోనాం చేప ముక్కల వేపుడు తాజాగా ఉంది, కారం అదుపులో ఉంది, గోధుమ బీరుతో తినాలి. మిగిలినదంతా ఊళ్ళో ప్రతి చోటా దొరికే మంచింగే. మంచూరియా సాసు నాలుకకు అంటుకున్నాక ఏ బీరైనా ఒకటే. బియ్యప్పిండి పూత వేసిన రొయ్యలు ఒకసారి కరకరలాడాయి, ఒకసారి మెత్తబడి వచ్చాయి.

రెండోసారి బిల్లులో పది శాతం సర్వీసు చార్జీ కలిపి ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో దానంతట అది చేర్చకూడదు. ఆ మాట చెప్పగానే వాదించకుండా తీసేశారు, అయితే అడగనివారి దగ్గర పుచ్చుకుంటున్నట్టే కదా. ఇంకొక విషయం, తిండికి జీఎస్టీ పడుతుంది, మద్యం జీఎస్టీలోకి రాదు, దానిది వేరే పన్ను. రెండూ కలగలిపి ఒకే వరుసలో వేసిన బిల్లు ఇస్తే విడగొట్టి ఇమ్మని అడగండి.

ఇప్పుడు కింది దుకాణం. పేరుకు మామూలు వైన్ షాపే, ముందు భాగంలో క్వార్టర్లు, హాఫ్‌ల రద్దీ అన్నిచోట్లా ఉన్నట్టే ఉంటుంది. లోపలికి వెళితే ఎడమ వైపు గోడ మొత్తం బీరు అరలు, రెండు అద్దాల ఫ్రిజ్‌లు. బెంగళూరు, గోవా వైపు నుంచి వచ్చిన చిన్న కంపెనీల డబ్బాలు, కొన్ని విదేశీ సీసాలు, అన్నీ కలిపి నలభై రకాల దాకా లెక్కపెట్టాను. ఈ ఊరికి అది తక్కువ సంఖ్య కాదు. ఎంపికలో ఒక తెలివి ఉంది. పేరు మారి రుచి మారని మామూలు లాగర్ బీర్లు పది తెచ్చి అరలు నింపకుండా, ఒక్కో రకానికి రెండు మూడు చొప్పున తెప్పించారు.

ఆ తెలివి నిల్వ దగ్గర చూపించలేదు. విదేశీ సీసాలన్నిటినీ వీధి వైపు అద్దం ముందు, అందంగా కనిపించేలా పేర్చారు. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు ఆ అద్దం మీద ఎండ నేరుగా పడుతుంది. బీరులోని హాప్స్ చేదు పదార్థాల మీద వెలుతురు పడితే అవి విరిగి గంధకపు సమ్మేళనం ఒకటి పుడుతుంది. దాని వాసన మురిగిన వెల్లుల్లికి, కాలిన వెంట్రుకకు మధ్యస్థంగా ఉంటుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు అడ్డుకుంటుంది, ఆకుపచ్చ సీసా అంతగా అడ్డుకోదు, తెల్ల సీసా అసలు అడ్డుకోదు, డబ్బాలోకి వెలుతురే చొరబడదు. అద్దం ముందున్న ఆకుపచ్చ సీసా ఒకటి కావాలనే కొని ఇంట్లో తెరిచాను. గ్లాసు ముక్కు దాకా తేవలసిన అవసరం కూడా రాలేదు.

వేడి మరో శత్రువు. బీరు కాచేవాళ్ళు ఒక మోటు లెక్క చెప్పుకుంటారు: 32 డిగ్రీల వేడిలో మూడు రోజులు, 22 డిగ్రీల్లో ముప్పై రోజులు, 3 డిగ్రీల్లో మూడు వందల రోజులు ఉన్న బీరు ఒకే మోతాదులో పాతబడుతుందని. దీన్ని శాస్త్ర సూత్రంగా తీసుకోనక్కరలేదు కానీ, మే నెలలో విశాఖ గోడౌనులో నెల రోజులు నిలిచిన కేసు పరిస్థితి ఏమిటో ఊహించుకోవడానికి చాలు. ఫ్రిజ్‌లో చల్లగా ఉన్న ఒక గోధుమ బీరు డబ్బా అడుగున తయారీ తేదీ చూస్తే అయిదు నెలలు గడిచింది. అది ఫ్రిజ్‌లోకి ఎప్పుడు చేరిందని అడిగితే, ‘నిన్న రాత్రి’ అన్నారు. పైన బారులో తాగినదానికి, ఇంట్లో తెరిచిన ఈ డబ్బాకు రకం ఒక్కటే. కానీ దీనిలో అరటి లేదు, లవంగం లేదు, తడిసిన అట్టపెట్టె వాసన, దాని వెనుక పలచని తేనె తీపి ఉన్నాయి. చల్లగా తాగేస్తే చాలామందికి తెలియకుండా గడిచిపోతుంది.

నేను ఒక్కో డబ్బా తలకిందులు చేసి తేదీ చదువుతుంటే కౌంటరులో ఉన్నాయన కాసేపు చూసి, ‘‘మందుబిళ్ళకి తేదీ సూసినోళ్ళని సూసేను గానీ, మందుకి తేదీ సూసినోళ్ళని మిమ్మల్నే సూత్తన్నానండి బాబూ’’ అన్నారు. ఎగతాళి అనిపించలేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. ఎందుకు చూస్తున్నానో చెబితే విన్నారు. ఎండ పడే అద్దం సంగతి కూడా చెప్పాను. ‘‘కనబడకపోతే కొనరు కదండీ’’ అన్నారు, ఆ మాటలో వ్యాపారపు నిజం ఉంది కనుక నేను ఏమీ అనలేకపోయాను. ఖాళీ సీసాలను అద్దంలో పెట్టి నిండు సీసాలను లోపల దాచవచ్చన్న సంగతి మెట్లు ఎక్కేటప్పుడు తట్టింది, మూడోసారి వెళ్ళినప్పుడు చెప్పాను. అప్పటికీ నిండు సీసాలే ఎండలో ఉన్నాయి.

ఈ దుకాణంలో నిశ్చింతగా కొనదగినది ఒకటుంది. బెల్జియంలో ట్రాపిస్టు సన్యాసుల మఠాల ప్రాకారం లోపల, వారి పర్యవేక్షణలో కాచే ముదురు రంగు బీరు, సీసా మీద ఆరు భుజాల గుర్తు ఉంటుంది. తొమ్మిది శాతం బలం ఉండి, సీసాలోనే మరోసారి పులిసే ఈ రకం, చల్లని చీకటి చోట దాచితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది, కొన్నిటికి వయసుతో రుచి పెరుగుతుంది కూడా. అదృష్టవశాత్తు అది అద్దం ముందు కాకుండా వెనుక అరలో, కింది వరుసలో ఉంది. ఖరీదు వెయ్యి దాటింది, రెండు గ్లాసులుగా ఇద్దరు పంచుకుంటే ఒక సాయంత్రానికి సరిపోతుంది. అడుగున పేరుకున్న ఈస్టును కదపకుండా నెమ్మదిగా వంచాలి. మిగతా అరల్లో కొనాలంటే నా పద్ధతి ఇది: డబ్బా దొరికే చోట సీసా కొనను, మూడు నెలలు దాటినది ముట్టుకోను, హాప్స్ ఘాటు రకాలైతే రెండు నెలలే గడువు. ఈ లెక్కతో చూస్తే నలభై రకాల్లో తొమ్మిది మిగిలాయి.

పై అంతస్తుకు నేను అయిదుకు నాలుగు ఇస్తాను, కింది దానికి రెండున్నర. శుక్ర, శనివారాల్లో ఎనిమిది దాటాక పాటల శబ్దం పెంచుతారు, అప్పుడు కాచే ఆయనతో మాట్లాడడం కుదరదు. మామూలు రోజుల్లో ఆరు, ఏడు గంటల మధ్య వెళ్ళడం మంచిది. బండి నిలపడానికి చోటు లేదు, ఉన్నా తీసుకువెళ్ళకండి. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే కేసే, సిరిపురం నుంచి ఏ వైపుకైనా ఆటోలు రాత్రి పదకొండు వరకు దొరుకుతున్నాయి. వయసు ఇరవై ఒకటి నిండిందా అని చిన్నవారిని అడుగుతున్నారు, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. నేను చివరిసారి వెళ్ళేనాటికి నల్లబల్ల మీద స్టౌట్ పక్కన ఉన్న తేదీకి అయిదు వారాలు నిండాయి, ట్యాంకులో ఇంకో పది రోజులకు సరిపడా ఉందని చెప్పారు. చోడి బీరు పేరు తుడిచేసి ఉంది. పొట్టు సమస్యకు ఈసారి వరిఊక కలిపి చూస్తున్నామని కాచే ఆయన అద్దం వెనుక నుంచి చెయ్యి ఊపి చెప్పారు.